డబ్బు గుట్టు మన చేతికొస్తే మోయగలమా? ఇంట్లోనే చేసి చూసుకునే పరీక్ష

22 ఏళ్లుగా ఇతరుల పద్దులు సరిచూడటం నా వృత్తి. ఈ పనిలో ఎవరూ నోరు విప్పకుండానే తెలిసిపోయే సంగతులు ఉంటాయి. ఒకాయన ఖాతాలో ప్రతి మంగళవారం ఒకే ఆసుపత్రికి ఫీజు పడేది. కొన్నాళ్లకి రెండు రోజులకోసారి పడటం మొదలైంది. ఆ తర్వాత ఒక వారం మధ్యలో ఆగిపోయింది. మళ్లీ పడలేదు. ఆయన నా ఎదురుగా కూర్చుని పన్ను లెక్కలు అడుగుతుంటే నాకు తలెత్తి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. ఇంట్లో ఏం జరిగిందో ఆయన నాకు చెప్పలేదు, చెప్పాలనీ అనుకోలేదు. స్టేట్‌మెంట్ చెప్పేసింది.

అప్పటి నుంచి డబ్బు గుట్టు అన్న మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. మన భాషలో గుట్టుగా బతకడం అంటే తప్పు దాచుకోవడం అని ఎవరూ అనుకోరు. మన కష్టసుఖాలు వీధిన పడకుండా చూసుకోవడం అది. డబ్బు కాగితంగా ఉన్నన్నాళ్లూ ఆ గుట్టు దానంతటదే నిలిచింది. నోటు ఎన్ని చేతులు మారినా ఎవరి చేతి నుంచి వచ్చిందో చెప్పదు. డబ్బు ఫోన్‌లోకి వచ్చాక మాత్రం ప్రతి చెల్లింపూ ఒక వాంగ్మూలం అయింది. 2015లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 11 లక్షల మంది మూడు నెలల కార్డు చెల్లింపులను పేర్లు తీసేసి పరిశీలించారు. ఏ రోజు, ఎక్కడ అన్న వివరం నాలుగు చెల్లింపులకు తెలిస్తే చాలు, నూటికి 90 మందిని విడిగా పట్టుకోవచ్చని తేలింది. పద్దులు చూసే నాకు అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

బ్యాంకూ ప్రభుత్వమూ మధ్యలో లేకుండా నడిచే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు ఇప్పుడు ఎవరి ఫోన్‌లోనైనా పెట్టుకోవచ్చు. దీనికి సమాజం సిద్ధంగా ఉందా అని నన్ను అడిగేవాళ్లున్నారు. సమాజం అంటే మనమే కదా. అందుకని నేను అవుననో కాదనో చెప్పకుండా వాళ్ల చేతికి ఒక కసరత్తు ఇస్తాను. పూర్తి కావడానికి ఆరేడు వారాలు పడుతుంది. పోయినా నిద్ర చెడని మొత్తంతోనే చేయాలి. రేటు పెరుగుతుందా, పడుతుందా అన్న గోల ఇందులో ఎక్కడా లేదు. లాభం కోసం వచ్చినవాళ్లకి ఇది పనికిరాదు.

ముందు సాక్షులను లెక్కపెట్టండి

పోయిన నెల స్టేట్‌మెంట్ తీయండి. ఫోన్‌లో చూస్తే కుదరదు, ప్రింట్ తీసుకోండి, పెన్ను పట్టుకోండి. ఒక్కో చెల్లింపు పక్కన అది ఎవరెవరి కంట పడిందో రాయండి: మీ బ్యాంకు, అవతలి బ్యాంకు, కార్డు కంపెనీ, చెల్లింపు యాప్, అమ్మినవాళ్లు, వాళ్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు. ఒక్కో వరుసకీ నలుగురైదుగురు తేలతారు. తర్వాత, ఈ కాగితం రేపు మీ పై అధికారికో, విడిపోయిన భాగస్వామికో, మీతో పడనివాడికో దొరికితే ఏ వరుసలు మిమ్మల్ని ఇబ్బంది పెడతాయో వాటి చుట్టూ సున్నా చుట్టండి.

నా కాగితం మీద మూడు సున్నాలు పడ్డాయి. ఒకటి రక్తపరీక్ష. ఒకటి ఒక పత్రికకు పంపిన చందా. ఇంకోటి మా చెల్లికి ఇబ్బందుల్లో సర్దిన డబ్బు. మూడింట్లో ఒక్కటీ నేరం కాదు. ఒక్కటీ నలుగురికీ తెలియాల్సిన సంగతీ కాదు.

ఈ పని చేయకుండా వాలెట్, అంటే ఆ డిజిటల్ డబ్బు వాడుకునే యాప్, డౌన్‌లోడ్ చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఎవరి నుంచి ఏది కాపాడుకోవాలో తెలియనివాళ్లు ఏ పరికరం తీసుకున్నా అది తప్పు పరికరమే అవుతుంది. కొందరికి ఈ కాగితం చూశాక నగదు వాడితే సరిపోతుందని అర్థమవుతుంది. అదీ మంచి జవాబే, వాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

బిట్‌కాయిన్ గుట్టుగా ఉంటుందన్న భ్రమ వదిలించుకోండి

ఇక్కడ నా తప్పే చెబుతాను. మా పాత విద్యార్థులం కలిసి ఒక గ్రంథాలయానికి విరాళాలు పోగుచేశాం. బిట్‌కాయిన్‌లో పంపేవాళ్ల కోసం నా వాలెట్‌లో ఒక అడ్రస్ (డబ్బు అందుకునే ఖాతా నంబరు లాంటిది) తీసి అందరికీ ఇచ్చాను. డబ్బు వచ్చింది. పుస్తకాలకు కట్టాల్సిన రోజున విరాళం కొద్దిగా తక్కువ పడితే, నా సొంత పొదుపులోంచి కలిపి ఒకే చెల్లింపుగా పంపేశాను. లెక్క సరిపోయింది, రసీదు వచ్చింది, సంతోషించాను.

రెండు రోజుల తర్వాత చెల్లి వచ్చింది. తను కంప్యూటర్ మనిషి కాదు. అందరికీ ఇచ్చిన ఆ అడ్రస్‌ని బ్లాక్‌చెయిన్, అంటే ప్రతి బిట్‌కాయిన్ చెల్లింపూ ఎక్కే బహిరంగ చిట్టా, చూపించే ఒక వెబ్‌సైట్‌లో అతికించి, నొక్కుకుంటూ పోయింది. అరగంట కూడా పట్టలేదు.

"అక్కా, నీ దగ్గర ఇంత ఉంది కదూ?" అంది. అంకె చెప్పింది. దశాంశాలతో సహా సరిగ్గా అంతే ఉంది.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? నువ్వే కలిపి పంపావుగా. రెండు చోట్ల నుంచి ఒకే చెల్లింపులోకి వచ్చిందంటే రెండూ ఒకరివే. మిగిలిన చిల్లర కొత్త అడ్రస్‌కి పోయింది, దాని వెంట పోయాను. నేనే చూడగలిగితే ఇంకెంతమంది చూసుంటారు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకాయన స్టేట్‌మెంట్ చూసి నేను తలదించుకున్నానే, ఇప్పుడు నా పద్దు లోకమంతటికీ తెరిచి పెట్టి ఉంది. దాన్ని చెరపడానికి ఏ అధికారికీ అర్జీ పెట్టుకోలేను.

బిట్‌కాయిన్ ఎలా పనిచేస్తుందో మొదట వివరిస్తూ సతోషి నకమోటో పేరుతో 2008 అక్టోబర్ 31న వచ్చిన తొమ్మిది పేజీల పత్రంలోనే ఈ సంగతి ఉంది. ప్రతి చెల్లింపుకీ కొత్త తాళంచెవి జత, అంటే కొత్త అడ్రస్, వాడమని, అయినా కొన్ని అడ్రస్‌ల సొమ్ము కలిపి పంపితే అవన్నీ ఒకరివేనని బయటపడక తప్పదని అందులో రాసి ఉంది. బిట్‌కాయిన్ చిట్టాలో పేరు ఉండదు, మిగతా అంతా ఉంటుంది. ఎక్కడో ఒక చోట పేరు తగులుకుందా, వెనకటి ఏళ్ల లెక్కంతా ఆ పేరు కిందికే వస్తుంది. 2016లో బిట్‌ఫినెక్స్ అనే ఎక్స్ఛేంజ్ (ఇలాంటి నాణేలు కొని, అమ్మి, దాచుకునే సంస్థ) నుంచి 1,19,000కు పైగా బిట్‌కాయిన్లు పోయాయి. దొంగలు వాటిని ఎన్ని మలుపులు తిప్పినా 2022 ఫిబ్రవరిలో అమెరికా న్యాయశాఖ అందులో 94,000 దాకా స్వాధీనం చేసుకుంది. దొంగ సొత్తు దొరికినందుకు సంతోషమే. ఏ తప్పూ చేయనివాళ్ల పద్దు కూడా అంతే తేటగా కనబడుతుందని మనం గుర్తుపెట్టుకోవాలి.

మీరు చేయాల్సింది ఇది. వాలెట్‌లో కొద్ది మొత్తం వేసుకుని, దాని అడ్రస్ ఒకటి ఇంట్లో నమ్మకమైన మనిషికి ఇచ్చి, "నా దగ్గర ఎంతుందో కనుక్కో" అనండి. వాళ్లు కనుక్కున్నదంతా ఒక కాగితం మీద రాయించుకోండి. తర్వాత నుంచి ప్రతి రాబడికీ కొత్త అడ్రస్ వాడండి, మంచి వాలెట్లు అది వాటంతటవే ఇస్తాయి. ఏ మొత్తం ఎక్కడి నుంచి వచ్చిందో వాలెట్‌లోనే చిన్న పేరు రాసిపెట్టుకోండి. నలుగురికీ తెలిసిన సొమ్మునీ సొంత సొమ్మునీ ఒక చెల్లింపులో కలపకండి. వీలైతే వాలెట్లే వేరు చేసేయండి, నేను అదే చేశాను. మీ అడ్రస్‌లను పదేపదే ఒకే వెబ్‌సైట్‌లో వెతికితే, అవన్నీ ఒకరివేనని ఆ సైట్ నడిపేవాళ్లకి మీరే చెప్పినట్టు. కొన్ని వారాలయ్యాక ఆ మనిషికే మళ్లీ పరీక్ష పెట్టండి.

గుట్టు కోసమే చేసిన డబ్బు

డిజిటల్ డబ్బు గుట్టుగా ఉండాలన్న ఆలోచన బిట్‌కాయిన్‌ కంటే పాతది. రహస్య సంకేతాల శాస్త్రవేత్త డేవిడ్ చామ్ 1982లోనే దారి చూపించారు. ఆయన చెప్పిన పోలిక నాకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే నేను కార్బన్ కాగితాలు పెట్టి రసీదులు రాసిన మనిషిని. లోపల కార్బన్ కాగితం పెట్టిన కవరులో మీ చీటీ ఉంచి అంటిస్తారు. బ్యాంకు కవరు మీద సంతకం పెడుతుంది, లోపలి చీటీ మీద సంతకం పడుతుంది. చీటీ మీద ఏ నంబరు ఉందో బ్యాంకు చూడలేదు. రేపు ఆ చీటీ ఎవరి చేతుల మీదుగానో తిరిగి వస్తే తన సంతకం గుర్తుపడుతుంది, ఎవరికిచ్చిందో మాత్రం చెప్పలేదు. చామ్ 1989లో డిజిక్యాష్ అనే కంపెనీ పెట్టారు, 1998లో అది దివాలా తీసింది. లెక్క తప్పు కాలేదు. అప్పటి జనానికి కార్డు నంబరు ఇచ్చేయడమే సులువనిపించింది. సమాజం సిద్ధమా అన్న ప్రశ్నకు అప్పుడు దొరికిన జవాబు అది.

ఇప్పుడు చేతికందేవి రెండు చెబుతాను. 2014లో మొదలైన మొనేరోలో పంపినవారు, అందుకున్నవారు, మొత్తం మూడూ బయటికి కనబడవు. మీరు ఖర్చుపెట్టే సొమ్ము మరో 15 పాత సొమ్ముల గుంపులో నిలబడుతుంది, వాటిలో అసలుది ఏదో బయటివాళ్లకి తెలియదు. 2016లో వచ్చిన జీక్యాష్‌లో రెండు రకాల అడ్రస్‌లు ఉంటాయి: బిట్‌కాయిన్‌లా తెరిచి ఉండేవి, మూసి ఉండేవి. మూసి ఉన్న రకం ఎంచుకోకపోతే జీక్యాష్ వాడీ ఫలితం లేదు. మొదటిసారి వాడేవాళ్లు పొరపాటు చేసేది అక్కడే. బిట్‌కాయిన్ మీదే నడిచే లైట్నింగ్ అనే చిన్న చెల్లింపుల వ్యవస్థ ద్వారా పంపితే ఒక్కో చిన్న చెల్లింపు పెద్ద చిట్టాకి ఎక్కదు. అయితే ఇతరులు నడిపే వాలెట్ యాప్‌లో లైట్నింగ్ వాడితే ఆ యాప్ వాళ్లకి అంతా తెలుస్తుంది. కేంద్ర బ్యాంకులు తెస్తున్న డిజిటల్ కరెన్సీలు వేరే జాతి, చిట్టా వాళ్ల చేతిలోనే ఉంటుంది. వాటిని ఈ కసరత్తులో కలపకండి.

వ్యూ కీ (చూసేందుకు మాత్రమే పనికొచ్చే తాళంచెవి) అనేదొకటి మొనేరో, జీక్యాష్ రెండింట్లోనూ ఉంది. మీరు కావాలనుకుంటే అది ఒకరికి ఇవ్వొచ్చు. వాళ్లు మీ పద్దు చూడగలరు, డబ్బు కదపలేరు. మొనేరోలో అది ముఖ్యంగా రాబడిని చూపిస్తుంది. జీక్యాష్‌లో పూర్తి వ్యూ కీ ఇస్తే పోకలు కూడా కనబడతాయి. ఎవరు చూడాలో నేను నిర్ణయిస్తాను, చూపించాల్సినవారికి చూపిస్తాను. గుట్టుకీ దాపరికానికీ తేడా నాకు ఇక్కడ కళ్ల ముందు కనబడింది. మీరూ ఒకసారి చేసి చూడండి: మీ వ్యూ కీతో ఇంకో ఫోన్‌లో మీ పద్దు తెరిచి, ఏం కనబడుతుందో, ఏం కనబడదో రాసుకోండి.

తాళంచెవి

డబ్బు ఎక్స్ఛేంజ్‌లో వదిలేస్తే పై గుట్టు ఏదీ మీది కాదు, డబ్బు కూడా పూర్తిగా మీది కాదు. 2014 ఫిబ్రవరిలో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ మూతపడినప్పుడు 8,50,000 దాకా బిట్‌కాయిన్లు లెక్కకి రాలేదు. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్ పడిపోయింది. రెండుసార్లూ సొమ్ము దాచుకున్నవాళ్ల చేతిలో మిగిలింది ఒక లాగిన్ పేజీ. అందుకని తాళంచెవి మన దగ్గరే ఉండాలంటాం. నేనూ అంటాను. అలా అనే ముందు ఆ బరువు ఎంతో చూడండి.

బిట్‌కాయిన్ వాలెట్ తెరవగానే మామూలుగా 12 లేదా 24 ఇంగ్లిష్ పదాలు ఇస్తుంది. 2,048 పదాల జాబితాలోంచి వచ్చిన ఆ పదాలే ఈ తాళంచెవి, అవే మీ డబ్బు. ఫోన్ విరిగినా పోయినా పదాలుంటే డబ్బు ఉంది. పదాలు పోతే ఫోన్ దగ్గరే ఉన్నా ఏదో ఒక రోజు డబ్బు పోతుంది. పదాలు ఇంకొకరు చూస్తే డబ్బు వాళ్లది. కాబట్టి ఫొటో తీయొద్దు, ఈమెయిల్‌లో పెట్టుకోవద్దు, ఎవరు ఏ పేరు చెప్పి అడిగినా చెప్పొద్దు. సహాయ కేంద్రం నుంచి అని ఫోన్ చేసి ఆ పదాలు అడిగినవాడు దొంగ. ఈ ఒక్క మాటకి మినహాయింపు లేదు. కాగితం మీద రాసి రెండు చోట్ల పెట్టండి. మొత్తం పెరిగితే నిప్పుకీ నీళ్లకీ చెడని లోహపు పలక మీద చెక్కించకుండా మీరే చెక్కండి.

రాసి పెట్టుకుంటే సగం పనే అయింది. వాలెట్‌లో కొద్ది సొమ్ము ఉండగానే దాన్ని ఫోన్‌లోంచి పూర్తిగా తీసేయండి. అవును, తీసేయండి. తర్వాత కాగితం చూసి పదాలు కొట్టి మళ్లీ తెప్పించుకోండి. తీసేసే మీట నొక్కేటప్పుడు మీ వేలు ఎంతసేపు ఆగిందో గమనించండి. నా వేలు చాలాసేపే ఆగింది. ఆ భయం పోయేదాకా మొత్తం పెంచకండి.

పంపడంలో కూడా ఇలాంటిదే ఇంకొకటుంది. బ్యాంకులో పొరపాటున పంపితే ఫిర్యాదు పెట్టుకోవచ్చు, ఇక్కడ వెనక్కి తెచ్చేవారు లేరు. కాపీ చేసిన అడ్రస్‌ని మధ్యలో మార్చేసే దొంగ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు మీ అడ్రస్‌లాగే కనబడే నకిలీలు తయారుచేసి మీ పాత చెల్లింపుల జాబితాలోకి చొప్పించేవాళ్లూ ఉన్నారు. అందుకే పాత జాబితాలోంచి అడ్రస్ కాపీ చేయకండి, నడిమి అక్షరాలు కూడా పైకి చదివి సరిచూడండి. పెద్ద మొత్తం పంపే ముందు చిన్నది పంపి, అందిందని అవతలివాళ్ల నోటి వెంట విన్నాకే మిగతాది పంపండి.

చట్టం, పన్ను, ఇరుగుపొరుగు

నా వృత్తి వల్ల ఇది ఖరాఖండిగా చెప్పాలి. గుట్టు వేరు, ఎగవేత వేరు. ఈ కసరత్తులో మొదటి రోజు నుంచీ ఒక నోట్‌బుక్ పెట్టండి: తేదీ, ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందుకు, ఆ రోజు రేటు. మీరున్న దేశంలో ఏ నాణెం వాడొచ్చో, పన్ను ఎలా కట్టాలో ముందే కనుక్కోండి, ఎందుకంటే ఇవి మారుతుంటాయి. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం 2027 జూలై 10 నుంచి అక్కడి క్రిప్టో సంస్థలు మొనేరో లాంటి నాణేలకు ఖాతాలు నడపకూడదు. అమెరికా 2022 ఆగస్టులో టోర్నడో క్యాష్ (పలువురి సొమ్ము కలిపేసి ఎవరిదేదో తెలియకుండా చేసే సేవ) మీద ఆంక్షలు పెట్టి, 2025 మార్చిలో తీసేసింది. నిన్న చెల్లినది నేడు చెల్లకపోవచ్చు, దానికి తిరగబడీ జరగొచ్చు. మీ లెక్క మీ దగ్గర ఉంటే ఎటు మారినా మీరు నిలబడగలరు.

గుట్టు అంటే భయపడేవాళ్ల మాట కూడా నేను కొట్టిపారేయను. 2021 మేలో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంప్యూటర్లను బిగించేసిన ముఠా 75 బిట్‌కాయిన్లు గుంజింది. అందులో 63.7 ఆ మరుసటి నెలలోనే తిరిగి పట్టుకోగలిగారంటే చిట్టా తెరిచి ఉండటం కూడా ఒక కారణం. ఇటువైపు కూడా చూడండి. 2010 డిసెంబర్‌లో రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సంస్థకి విరాళాలు పోకుండా వీసా, మాస్టర్‌కార్డ్, పేపాల్ ఆపేశాయి. 2022 ఫిబ్రవరిలో కెనడాలో ట్రక్కుల నిరసన సమయంలో కొందరి బ్యాంకు ఖాతాలు స్తంభింపజేశారు. ఆ వికీలీక్స్ మంచిదా, ఆ నిరసన మంచిదా అన్నది వేరే వాదన. మీకు నచ్చనివాళ్ల డబ్బు ఆపగలిగిన మీట రేపు మీ డబ్బునీ ఆపగలదు. రెండువైపుల బరువూ చూశాకే నేను గుట్టు వైపు నిలబడ్డాను, లెక్క చూపించే బాధ్యతను పట్టుకునే నిలబడ్డాను.

ఇరుగుపొరుగు విషయంలో ఒక పని ఉంది, అది అన్నిటికన్నా కష్టం. ఒక నెలపాటు ఎవరినీ ఎంత జీతం, ఎంతకి కొన్నావు, ఎవరికిచ్చావు అని అడగకండి. ఎవరి ఫోన్‌లోనైనా చెల్లింపు తెర కనబడితే చూపు పక్కకి తిప్పుకోండి. నేను మొదటి వారంలో ఎన్నోసార్లు తప్పాను. ఇతరుల గుట్టును గౌరవించడం రాని మనం మన గుట్టుకు హక్కు అడిగితే ఎవరు వింటారు? నన్నడిగితే, సాంకేతికంగా మనం చాలావరకు సిద్ధమే. ఈ అలవాటులోనే వెనకబడ్డాం.

చివరి పరీక్ష

మీరు లేకపోతే ఏమవుతుందన్నది ఇంకా మిగిలింది. బ్యాంకు ఖాతాకి నామినీ ఉంటారు, ఈ డబ్బుకి ఉన్నదల్లా ఒక కవరు. లోపల ఏం పెట్టాలి? పదాల కాగితం, వాలెట్ పేరు, ఏ క్రమంలో ఏం నొక్కాలో సామాన్య భాషలో ఒక పేజీ, నమ్మదగిన మనిషి పేరు.

పరీక్ష కోసం కొద్ది సొమ్ముతో ఒక వాలెట్ చేసి, కవరు, పాత ఫోన్ చెల్లి చేతిలో పెట్టి నేను పక్క గదిలోకి వెళ్లిపోయాను. నన్ను పిలవకూడదన్నది షరతు. 40 నిమిషాల తర్వాత తనే వచ్చింది, కాగితం పట్టుకుని.

"ఇది తీసుకోవడం లేదక్కా. పదాలు తప్పంటోంది."

చూశాను. ఏడో పదం నేను లైవ్ అని రాశాను. ఐ మీద చుక్క సరిగ్గా పడక, తలకట్టు గుండ్రంగా తిరిగి, చూసేవాళ్లకి లవ్ అని కనబడుతోంది. ఆ జాబితాలో రెండు పదాలూ ఉన్నాయి. 12 పదాల్లో ఒకటి తప్పు పడితే వాలెట్ పదహారింట పదిహేనుసార్లు పట్టుకుని ఒప్పుకోనంటుంది. పదహారోసారి మాత్రం ఒప్పేసుకుని ఖాళీ వాలెట్ చూపిస్తుంది. అలా జరిగి ఉంటే చెల్లి డబ్బేమీ లేదనుకుని కాగితం చింపేసేది.

ఆ వాలెట్ అప్పుడే ఖాళీ చేసి వదిలేశాను కాబట్టి ఆ పదం ఇక్కడ చెప్పగలిగాను. అసలు కవరులోని కాగితం ఆ సాయంత్రమే మళ్లీ రాశాను. అన్నీ పెద్ద అక్షరాలు, ఒక్కో పదానికి ఒక్కో గీత, పక్కన వరుస సంఖ్య. చెల్లి ఒక్కో అక్షరం పైకి చదివింది, నేను తెర మీద చూసుకుంటూ టిక్కు పెట్టాను.